అప్‌డేట్: టైటానియం మీది నైట్రైడ్ పొర అంచుల్లో ఊడటం ఆగింది

నేను అడిగిన సమస్య ఇది: గ్రేడ్ 23 టైటానియం (6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం) ముక్కలకు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర ప్లాస్మా నైట్రైడింగ్ (విద్యుత్‌తో అయాన్లుగా మార్చిన నైట్రోజన్‌తో పైపొరను గట్టిపరచడం) చేస్తే, బంగారు రంగు పొర అంచుల్లో పెచ్చులుగా లేస్తోంది.

మూల కారణం పదునైన అంచులే. అక్కడ విద్యుత్ క్షేత్రం కేంద్రీకృతమై వేడి పెరుగుతుంది, పెళుసైన టైటానియం నైట్రైడ్ మందంగా పేరుకుంటుంది. అంచులను 0.5 మిల్లీమీటర్ల వ్యాసార్థానికి గుండ్రం చేశాక పెచ్చులు ఆగాయి.

రెండో కారణం ఆక్సైడ్, అంటే గాలి తగిలి లోహం మీద ఏర్పడే పలుచని పొర. అసిటోన్‌లో అల్ట్రాసోనిక్‌గా కడిగినా అది పోదు. నైట్రోజన్ వదిలే ముందు ఆర్గాన్ అయాన్లతో గంటసేపు స్పటరింగ్ (అయాన్లతో కొట్టి పైపొరను రాల్చడం) చేయాల్సిందే. శుభ్రపరచడానికి హైడ్రోజన్ వద్దు, టైటానియం దాన్ని పీల్చుకుని పెళుసవుతుంది.

ఉష్ణోగ్రత 750 డిగ్రీలకు దించాను. పొర పలచబడింది, కానీ లోహం లోపలి స్ఫటిక రేణువులు పెరగలేదు. ఇది చాలా ముఖ్యం: రేణువులు ముతకబడినా, పైపొర పెళుసుబారినా ఫెటీగ్ బలం (పదేపదే పడే భారాన్ని పగలకుండా తట్టుకునే శక్తి) పడిపోతుంది. అందుకే తుంటి ఇంప్లాంట్ కాడలాంటి, పదేపదే వంగే భాగాన్ని మాస్క్ చేసి (నైట్రోజన్ తగలకుండా కప్పి), రాపిడి పడే ముఖానికే నైట్రైడింగ్ ఇవ్వడం మేలని నా అభిప్రాయం.

రంగు బంగారానికి బదులు నీలంగా వస్తే ముందు చాంబర్‌లో గాలి లీక్ వెతకండి.