బస్తాల గోదాములో కనిపించిన పెద్ద సాలెపురుగు ఏ జాతిది?

ప్రశ్న:
నేను వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు దగ్గరలో ఉన్న ఒక వడ్ల గోదాములో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మొన్న బస్తాలు దించుతుండగా, అరచేయంత వెడల్పున్న గోధుమరంగు సాలెపురుగు ఒకటి గోడకు అతుక్కున్నట్టు చదునుగా కనిపించింది. చుట్టుపక్కల గూడేమీ లేదు. పొట్ట కింద మాత్రం రూపాయి బిళ్ళ లాంటి తెల్లని బిళ్ళను పట్టుకొని ఉంది. మరునాడు మా హమాలీ ఒకరికి మెడ మీద వాత పెట్టినట్టు ఎర్రని చార తేలి నీటిపొక్కులు లేచాయి. అందరూ సాలెపురుగు పారిందని, మందు కొట్టించి వాటిని చంపించాలని అంటున్నారు. ఇది నిజంగా అంత విషపుదా?

మొదటి సమాధానం:
మీ వర్ణనను బట్టి ఇది హంట్స్‌మన్ సాలీడు. 1767లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ వర్ణించిన ఈ జాతిని ఇప్పుడు హెటెరోపోడా వెనటోరియా అంటారు. ఇది గూడు అల్లి కాచుకోదు. రాత్రివేళ తిరుగుతూ బొద్దింకలను తరిమి పట్టుకుంటుంది. కాళ్ళు ఎండ్రకాయ కాళ్ళలా పక్కలకు చాచి ఉంటాయి కనుక బస్తాల సందుల్లో సులువుగా దూరుతుంది. ఆ తెల్లని బిళ్ళ గుడ్ల సంచి. పిల్లలు బయటికి వచ్చేదాకా తల్లి దానిని మోస్తూనే ఉంటుంది. కళ్ళ కింద అడ్డంగా లేతరంగు పట్టీ ఉందేమో దూరం నుంచి ఫోటో తీసి చూడండి. చేత్తో పట్టుకుంటే కరుస్తుంది, నొప్పి, వాపు రావచ్చు, ప్రాణభయం మాత్రం లేదు.

రెండో సమాధానం:
ఆ చార సాలెపురుగు వల్ల వచ్చినట్టు లేదు. వరి పొలాల్లో ఉండే పీడెరస్ అనే చిన్న పురుగు, సెంటీమీటరు కూడా ఉండదు, నలుపు, నారింజ రంగుల పట్టీలతో చీమలా కనిపిస్తుంది, రాత్రి దీపాల వెలుతురుకు వస్తుంది. అది కుట్టదు, కరవదు. మెడ మీద వాలినప్పుడు మనం నలిపేస్తే దాని ఒంట్లోని పెడెరిన్ అనే విషం చర్మానికి అంటుకుంటుంది. మంట వెంటనే తెలియదు, దాదాపు ఒక రోజు గడిచాక చార తేలుతుంది, అందుకే పాపం కళ్ళెదుట కనిపించిన సాలెపురుగు మీద పడుతుంది. వాలితే నలపకుండా ఊది, ఆ చోటును సబ్బునీళ్ళతో కడగమనండి. పొక్కులను గిల్లకూడదు, కంటి దగ్గర తగిలితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. తినే గింజలున్న చోట తోచిన మందు కొట్టించడం నాకు అంతకంటే పెద్ద ప్రమాదంగా తోస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పాక నిన్న రాత్రి చూశాను. కాటా దగ్గరి ట్యూబ్‌లైటు కింద అలాంటి పురుగులు పదికి పైగా ఉన్నాయి. పని లేనప్పుడు ఆ లైటు ఆర్పిస్తున్నాను. సాలెపురుగు ముఖం మీద పట్టీ కూడా ఉంది. అది ఇప్పుడు మూల బస్తాల వెనక ఉంది కనుక, ఆ వరుసను కొన్నాళ్ళు కదపవద్దని హమాలీలకు చెప్పాను.