అప్‌డేట్: తుంగభద్ర ఆల్చిప్పల సంగతి తేలింది

కర్నూలు దగ్గర తుంగభద్ర ఇసుకలో దొరికిన చిన్న, పెద్ద ఆల్చిప్పలు ఒకే జాతివా అని అడిగాను కదా. కావు. మీరు చెప్పినట్టే రెండు చిప్పలు కలిసే కీలు దగ్గర లెన్సుతో చూశాను. చిన్నది కార్బిక్యులా అనే ప్రజాతి: కీలు మధ్యలో మూడు పళ్లు (పళ్లలాంటి గట్లు), పక్కపళ్లకు రంపంలా సన్నని గాట్లు. పెద్దది లామెల్లిడెన్స్ అనే ఇంకో ప్రజాతి, లోపలంతా ముత్యపు మెరుపు. బంధుత్వంలో చిన్నది ఈ పెద్దదానికన్నా సముద్రపు వీనస్ చిప్పలకే దగ్గర!

నన్ను బాగా పట్టేసింది మాత్రం జపాన్‌లోని పురాతన బీవా సరస్సులో ఉండే కార్బిక్యులా. నదుల్లో ఉండే చాలా కార్బిక్యులాలు ఉభయలింగ జీవులు, పిల్లలను మొప్పల్లోనే పెంచుతాయి. బీవాలో మాత్రమే ఉండే కార్బిక్యులా సాండైలో ఆడ, మగ వేరు. గుడ్లను నేరుగా నీళ్లలోకి వదిలేస్తుంది. మన తుంగభద్రదాని మొప్పల్లో పిల్లలున్నాయో లేదో ఇక మైక్రోస్కోపులో చూడాలి. కాలేజీ ల్యాబ్‌లో అడిగాను, సరేనన్నారు.