గుమ్మాలకు ఏ బీడింగ్ (సందు కప్పే సన్నపట్టీ) మంచిది?

మాది కావలి దగ్గర పల్లె, సముద్రం దగ్గరే. ద్వారబంధానికీ గోడకీ మధ్య వేలిగోరు దూరేంత సందు కనపడుతోంది. బీడింగ్‌తో మూయాలి. ఎండీఎఫ్ (చెక్కపీచును జిగురుతో అదిమి చేసే పలక) చవక అంటున్నాడు మేస్త్రి, అమ్మేమో టేకే కావాలంటోంది. ఒకటే టెన్షన్.

— అన్నా, ఎండీఎఫ్ వద్దు. ఒంగోల్లో మా స్నానాలగది గుమ్మానికి వేయించాం. ఒక్క వానాకాలానికే అడుగుభాగం ఉబ్బి, పొరలు పొరలుగా ఊడొచ్చింది. తడి తగిలేచోట పీవీసీ వేయించు.

— సింహద్వారానికి అమ్మ మాటే వినండి. గడప కడిగిన నీళ్లు టేకు కూడా పీలుస్తుంది, అందుకే అడుగున జానెడు ఎత్తు చీమకుర్తి నల్ల గ్రానైట్ ముక్క పెట్టించి, దానిపైనుంచి పట్టీ ఎత్తమనండి. మూలలు 45 డిగ్రీల కోతతో కలవాలి. ఉప్పుగాలికి ఇనుప మేకులు తుప్పుపడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి.

— గ్రానైట్ సంగతి తట్టనేలేదు. రేపే మేస్త్రితో మాట్లాడతా.