నిద్రలో పళ్ళు కొరకడం, పొద్దున్నే దవడ నొప్పి.. నైట్ గార్డ్ వాడినవాళ్ళు చెప్పండి ప్లీజ్

మున్నేరు గట్టు:

అందరికీ నమస్తే. నాకు 34 ఏళ్ళు, ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగం. రాత్రిళ్ళు నిద్రలో పళ్ళు పటపటా కొరుకుతున్నానని మా ఆయన ఎప్పట్నుంచో చెప్తున్నారు, పక్క గదిలో పడుకునే మా అత్తయ్యకి కూడా వినిపిస్తుందంట. నాకైతే అసలు తెలీదు, నాకు తెలిసేదల్లా పొద్దున లేచేసరికి కణతలు పట్టేసినట్టు ఉండడం, దవడ బరువెక్కి ఇడ్లీ నమలాలన్నా ఓపిక లేకపోవడం. మార్చి ఎండింగ్ పనుల్లో మరీ ఎక్కువైంది. మొన్న కింద దవడ పన్నుకి పెట్టించిన సిమెంట్ ఊడొచ్చింది, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోంది. పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తే అద్దం చేతికిచ్చి చూపించారు, కోరపళ్ళ మొనలు అరిగి చదునుగా అయిపోయాయి, చూసి చాలా బాధేసింది. నైట్ గార్డ్ అని రాత్రి పడుకునేటప్పుడు పళ్ళకి పెట్టుకునే తొడుగు వేసుకోవాలి, కొలతలు తీసి ల్యాబులో చేయిస్తాం, ఆరు వేలవుతుంది అన్నారు. ఆన్‌లైన్లో చూస్తే వేడినీళ్ళలో ముంచి పళ్ళతో నొక్కుకునేవి ఐదారొందలకే ఉన్నాయి. మా అమ్మేమో కడుపులో నులిపురుగులుంటేనే పళ్ళు కొరుకుతారు, మాత్ర వేసుకో అంటోంది.

గార్డ్ పెట్టుకుంటే కొరకడం ఆగిపోతుందా? ఆన్‌లైన్‌ది సరిపోతుందా? నొప్పికి ఇంట్లో ఏం చేసుకోవచ్చు? రాత్రి పడుకోవాలంటేనే భయంగా ఉంటోంది.

గోదారి గాలి:

నేను కొన్నేళ్ళుగా గార్డ్ వాడుతున్నానండి, కాబట్టి ఆ ముక్క వరకు చెప్తాను. గార్డ్ పెట్టుకుంటే కొరకడం ఆగదు. రోలు కింద గోనెపట్టా వేస్తే నేల పాడవ్వదు, దంచడం మాత్రం దంచుతూనే ఉంటాం కదా, అంతే ఇదీను. పళ్ళకి బదులు గార్డ్ అరుగుతుంది. నా పాత గార్డ్ మీద వెనక పళ్ళ దగ్గర గుంటలు పడి, గీతలు కనిపిస్తాయి, అవన్నీ నా పళ్ళ మీద పడాల్సినవి అనుకుంటే డబ్బులు ఊరికే పోలేదనిపిస్తుంది.

ఆన్‌లైన్‌వి మెత్తటి రకం. కొంతమందికి మెత్తటిది నోట్లో ఉంటే ఇంకా ఎక్కువ నమలాలనిపిస్తుందని మా డాక్టర్ గారు చెప్పారు, నాకు సరిగ్గా అదే అయింది, దవడ నొప్పి పెరిగింది. తర్వాత గట్టి అక్రిలిక్‌ది చేయించుకున్నా. అది ఇచ్చే రోజు నీలం రంగు కాగితం పళ్ళ మధ్య పెట్టి కొరకమంటారు, ఎక్కడ ఎక్కువ తగులుతుందో అక్కడ మచ్చ పడుతుంది, ఆ చోట కొంచెం కొంచెం అరగదీసి రెండు వైపులా సమానంగా తగిలేలా చేస్తారు. ఆ పని తొందర తొందరగా కానివ్వకండి, ఎక్కడన్నా ఎత్తుగా అనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి, మళ్ళీ వెళ్ళాల్సొచ్చినా వెళ్ళండి. మొదట్లో నోట్లో ఉమ్మి ఎక్కువ ఊరుతుంది, తలగడ తడుస్తుంది, నిద్రలో తెలీకుండానే తీసి పారేస్తాం కూడా, అది మామూలే, అలవాటవుతుంది. పొద్దున్నే చల్లనీళ్ళతో మెత్తటి బ్రష్‌తో కడిగి డబ్బాలో పెట్టుకోండి, వేడినీళ్ళు మాత్రం తగలనివ్వద్దు, వంకర పోతుంది.

ఓరుగల్లు తమ్ముడు:

అక్కా, రాత్రి సంగతి సరే గని పగటి సంగతి కూడా జర చూస్కో. నువ్వు కంప్యూటర్ ముందట కూసున్నప్పుడు, కౌంటర్ల కస్టమర్ లొల్లి చేస్తున్నప్పుడు నీ పండ్లు ఒకదానికొకటి తాకుతున్నయా లేదా గమనించు. నాకైతే పొద్దంతా బిగవట్టుకునే ఉంటుండె, ఫిజియోథెరపీ మేడం చెప్పేదాకా నాకు ఎరుకనే లేదు. అసలు పండ్లు తాకాల్సింది నమిలేటప్పుడు, మింగేటప్పుడే, మిగతా టైంల పెదవులు మూస్కొని ఉండాలె, లోపల పై పండ్లకు కింది పండ్లకు నడుమ సందు ఉండాలె. 'ల' అనేటప్పుడు నాలుక కొన యాడ ఆనుతదో ఆడ నాలుకను పెట్టుకొని వదిలెయ్, దవడ దానంతట అదే కిందికి జారుతది. నేను మానిటర్ మూలకు చిన్న ఎర్ర స్టిక్కర్ పెట్టుకున్న, అది కండ్లబడ్డప్పుడల్లా దవడ వదులుతా. నిద్రల మన చేతుల ఏముండదు, పగలైతే ఉంటది కదా, ఆ చేతనైనంత చేస్తే సాయంత్రానికి కండలు గంత అలిసిపోవు.

పండుకునే ముందు గోరువెచ్చని నీళ్ళల్ల తువ్వాల ముంచి పిండి రెండు దవడల మీద కాపడం పెట్టుకో, తర్వాత చెంపల మీద, కణతల మీద వేళ్ళతోని మెల్లగ గుండ్రంగ రుద్దు. నొప్పి ఉన్నన్ని రోజులు సకినాలు, పల్లిపట్టి, చెరుకు, మటన్ బొక్కలు, చూయింగ్ గమ్ పక్కన పెట్టు. ఆవులింత వచ్చినప్పుడు గదుమ కింద చెయ్యి ఆనిచ్చుకో, నోరు పూరాగ తెరవకు. పొద్దుగూకినంక చాయ్ బంద్ చెయ్. నాకు వీటన్నిట్ల స్టిక్కరే ఎక్కువ పనిచేసింది.

పేరు వద్దు:

ఒక విషయం ఎవరూ అడగరు, అందుకే చెప్తున్నా. ఆందోళనకో డిప్రెషన్‌కో మాత్రలు వాడుతున్నారా? నాకు ఎస్సిటలోప్రామ్ మొదలుపెట్టాక పళ్ళు కొరకడం మొదలైంది, అంతకుముందు లేనే లేదు. ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రలిన్, పారాక్సెటిన్ లాంటి వాటితో కూడా కొందరికి ఇలా అవుతుందని మా సైకియాట్రిస్ట్ చెప్పారు. అయితే దయచేసి మీ అంతట మీరు మాత్ర ఆపేయొద్దు, ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, పాత జబ్బు తిరగబెట్టడం, ఆ బాధ వేరు. డాక్టర్‌కి చెప్తే డోసు సర్దుతారు, లేకపోతే మందు మారుస్తారు. నాకు డోసు తగ్గించి చూశారు, చాలా వరకు తేడా వచ్చింది. పళ్ళ డాక్టర్‌కి ఈ మాత్రల సంగతి చెప్పడానికి సిగ్గుపడకండి.

దంతవైద్యురాలు, గుంటూరు:

పైన అందరూ చెప్పినవి మంచి మాటలే. ఇంకొంచెం కలుపుతాను. నిద్ర మధ్యలో మెదడు కొన్ని క్షణాల పాటు సగం మెలకువలోకి వస్తుంది, అప్పుడు గుండె వేగం పెరుగుతుంది, ఆ వెంటనే నమిలే కండరాలు పనిలోకి దిగుతాయి. పళ్ళు బిగించి దవడ మూల దగ్గర చెయ్యి పెట్టుకుని చూడండి, అక్కడ ఉబికేది ఆ కండే. రాత్రంతా అది పనిచేస్తే పొద్దున నొప్పి రాకుండా ఎలా ఉంటుంది. టెన్షన్, కాఫీ టీలు, సిగరెట్, మద్యం, గురక, ఛాతీలో మంట ఇవన్నీ దీన్ని పెంచేవే. అంతేగానీ పళ్ళ వరస సరిగ్గా లేకపోవడం వల్లే ఇది వస్తుందన్న పాత లెక్క ఇప్పుడు నిలబడట్లేదు. కాబట్టి కొరకడం మాన్పిస్తామని చెప్పి బాగున్న పళ్ళు అరగదీస్తామంటే ఒప్పుకోవద్దు, ఈ మాట గట్టిగానే చెప్తున్నా, ఎందుకంటే అరిగిన ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, మళ్ళీ పెరగదు.

జివ్వుమనడానికి పొటాషియం నైట్రేట్ ఉన్న టూత్‌పేస్ట్ కొన్ని వారాలు వాడండి, గట్టి బ్రష్ మానేయండి. ఊడిన సిమెంట్ మాత్రం వాయిదా వేయకండి, గార్డ్ కొలత ఇచ్చే ముందే పెట్టించుకోవాలి, తర్వాత పెట్టిస్తే గార్డ్ సరిగ్గా కూర్చోకపోవచ్చు. మీ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టకపోతే, దవడ ఇరుక్కుపోతుంటే, ఏదో ఒక పన్ను మీద కొరికినప్పుడే చురుక్కుమంటుంటే వెంటనే చూపించుకోండి, చివరిది పన్ను చిట్లినదానికి గుర్తు కావచ్చు. బొటాక్స్ అని కండలోకి ఇచ్చే ఇంజెక్షన్ గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు, అది కండ బలాన్ని మూణ్ణాలుగు నెలలు తగ్గిస్తుంది, తర్వాత మళ్ళీ మామూలే, ఖర్చెక్కువ, మొదట చేయాల్సింది అది కాదు.

అమ్ములు వాళ్ళమ్మ:

మధ్యలో అడుగుతున్నా ఏమనుకోకండి. మా పాపకి ఐదేళ్ళు, నిద్రలో కటకటా పళ్ళు కొరుకుతుంది, మా ఊళ్ళో అందరూ పురుగులే అంటారు. గార్డ్ పెట్టించాలా డాక్టర్ గారూ?

దంతవైద్యురాలు, గుంటూరు:

ఏం ఫర్వాలేదమ్మా, అడగండి. పిల్లల్లో ఇది చాలా ఎక్కువ, పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గిపోతుంది. పాలపళ్ళ వయసులో మామూలుగా గార్డ్ పెట్టం, దవడ పెరుగుతూ ఉంటుంది కదా. పురుగులకీ దీనికీ సంబంధం ఉందని గట్టి రుజువేమీ లేదు. నులిపురుగుల మాత్ర అవసరమైనదే, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ ఇస్తారు, అది వేయించండి, కాకపోతే పళ్ళు కొరకడం తగ్గుతుందని మాత్రం ఆశపెట్టుకోకండి. పాప నోరు తెరుచుకుని పడుకుంటుందా, గురక పెడుతుందా చూడండి. అలా ఉంటే టాన్సిల్స్, ముక్కు వెనక కండ పెరిగి ఉండొచ్చు, పిల్లల డాక్టర్‌కో ఈఎన్‌టీకో చూపించండి.

మున్నేరు గట్టు:

అందరికీ చాలా థాంక్సండీ, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. నేను మాత్రలేమీ వాడట్లేదు. తమ్ముడు చెప్పినట్టు ఈరోజు గమనించుకున్నా, క్యాష్ లెక్క తేడా వచ్చి వెతుకుతుంటే దవడ రాయిలా బిగుసుకుపోయి ఉంది, నిజంగా ఎప్పుడూ పట్టించుకోలేదు. డాక్టర్ గారూ, గురక అన్నారు కదా, మా ఆయన్ని అడిగితే ఈమధ్య గురక కూడా పెడుతున్నానని, ఒక్కోసారి ఊపిరి ఆగినట్టయి గుటుక్కున మింగి అటు తిరుగుతానని చెప్పారు. పొద్దున నోరు ఎండిపోయి ఉంటుంది, మధ్యాహ్నం సీట్లోనే కళ్ళు మూతలు పడతాయి. వచ్చే వారం గార్డ్ కొలతలకి రమ్మన్నారు, వెళ్ళమంటారా?

దంతవైద్యురాలు, గుంటూరు:

మీరు చెప్పిన గుర్తులు చూస్తే స్లీప్ అప్నియా, అంటే నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగిపోయే జబ్బు, ఉందేమో ముందు తేల్చుకోవాలమ్మా. సిమెంట్ పని ఇప్పుడే చేయించేసుకోండి, గార్డ్ కొలత మాత్రం కొన్నాళ్ళు ఆపమని మీ డాక్టర్‌కి చెప్పండి. అప్నియా ఉన్నవాళ్ళలో కొందరికి పై పళ్ళకి మామూలు గార్డ్ వేస్తే ఊపిరి ఇబ్బంది పెరిగే అవకాశం ఉంది. ఈఎన్‌టీ గానీ ఊపిరితిత్తుల డాక్టర్ (పల్మనాలజిస్ట్) గానీ చూసి స్లీప్ స్టడీ రాస్తారు, రాత్రంతా ఊపిరి, ఆక్సిజన్, గుండె వేగం రికార్డ్ చేస్తారు, ఇంట్లోనే చేసుకునే రకం కూడా ఉంది. అప్నియా అని తేలితే దానికి వైద్యం చేస్తే పళ్ళు కొరకడం కూడా తగ్గేవాళ్ళున్నారు. కొందరికి కింది దవడని కాస్త ముందుకు పట్టి ఉంచే వేరే పరికరం ఇస్తాం, అది గురకకి, పళ్ళకి రెండిటికీ పనికొస్తుంది, అప్పుడు ఈ ఆరు వేలు విడిగా పెట్టే పనుండకపోవచ్చు. మీ ఆయన్ని ఈ రాత్రి ఫోన్లో మీ గురక వీడియో తీయమనండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు అది చూపించండి.