స్విఫ్ట్‌కి రెండున్నర డిగ్రీల నెగటివ్ కేంబర్: రోజూ తిరగడానికి పనికొస్తుందా?

కొత్త_స్టీరింగ్:
నాది పాత స్విఫ్ట్. కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు వేయించాను. ముందు చక్రాలకి కేంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువుకి ఎంత వాలి ఉందో ఆ కోణం) మార్చే బోల్టులు పెట్టి షాపులో మైనస్ 2.5 డిగ్రీలు చేశారు, అంటే చక్రం పైభాగం లోపలికి వాలి ఉంటుంది. చూడటానికి అదిరింది, మలుపుల్లో కారు రోడ్డుకి అతుక్కున్నట్టుంది. మా బావ మాత్రం ‘చక్రాలు సొట్టకాళ్లలా ఉన్నాయి, దీన్ని ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కించకు’ అంటున్నాడు. నిజంగా అంత ప్రమాదమా?

అనంతగిరి_శ్రీను:
ఏం కాదు తమ్ముడూ. మలుపులో బండి బయటివైపుకి ఒరుగుతుంది, బయటి టైరు కూడా దాంతోపాటే ఒరుగుతుంది. అప్పుడు బరువంతా దాని బయటి అంచు మీదే పడుతుంది. ముందే పైభాగం కాస్త లోపలికి వంచి పెడితే సరిగ్గా ఆ సమయానికి టైరు చదునుగా కూర్చుంటుంది. స్విఫ్ట్ ముందువైపు ఉండేది మెక్‌ఫెర్సన్ స్ట్రట్ అనే రకం సస్పెన్షన్. కారుని మరీ కిందికి దించితే కింది ఆర్మ్ వాలు మారిపోయి, సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు దానంతట అది రావాల్సిన నెగటివ్ కేంబర్ రాదు. అందుకే బోల్టులు. రేసు ట్రాక్‌కి వెళ్లేవాళ్లు 2, 3 డిగ్రీలు మామూలుగా పెడతారు.

పాత_జెన్:
అతను ట్రాక్ గురించి అడగలేదు. రోజులో ఎంతసేపు మలుపులు తిప్పుతాడు? తిన్నగా పోయేటప్పుడు బరువు లోపలి అంచు మీదే ఉంటుంది. 60 సెం.మీ. ఎత్తున్న టైరుకి 2.5 డిగ్రీలంటే, కింది భాగంతో పోలిస్తే పైభాగం 2.5 సెం.మీ. దాకా లోపలికి వాలినట్టు. గట్టిగా బ్రేకు తొక్కితే టైరు వెడల్పంతా సమానంగా పట్టదు. వానలో, అంచున గాడులు అరిగాక, ఇంకా ఘోరం. బయటి నుంచి చూస్తే టైరు కొత్తదానిలాగే ఉంటుంది, లోపల వైర్లు తేలి ఉంటాయి. నా టైరు అలాగే పేలింది, ఇంట్లోవాళ్లందరూ కార్లో ఉండగా.

గుంతల_రాజా:
మా కాలనీ గుంతల్లో నెల తిరిగితే మైనస్ 2.5 ఫ్రీగా వస్తుంది, షాపుకి డబ్బులు దండగ 😀

అనంతగిరి_శ్రీను:
జెన్ గారూ, లోపలి అంచుని అంత త్వరగా తినేసేది కేంబర్ కాదు, టోయ్ (పైనుంచి చూస్తే చక్రం తిన్నగా కాకుండా లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం). అర డిగ్రీ టోయ్ తప్పుంటే ఆ చక్రం కిలోమీటరుకి దాదాపు 9 మీటర్లు పక్కకి ఈడ్చుకుపోయినట్టే. కేంబర్ ఉండి టోయ్ సరిగ్గా ఉంటే టైరు చాలాకాలం వస్తుంది.

పాత_జెన్:
ఆ టోయ్ ఎలా చెడింది? కేంబర్ తిప్పితేనే కదా! 2013లో సిల్వర్‌స్టోన్ ఎఫ్1 రేసులో టైర్లు పేలితే పిరెల్లి చెప్పిన కారణాల్లో విపరీతమైన కేంబర్ ఒకటి. వాళ్ల ఇంజినీర్లకే తప్పలేదు.

అనంతగిరి_శ్రీను:
మిగతా కారణాలు మింగేశారేం? గాలి తక్కువ పెట్టడం, వెనక కుడి టైరు ఎడమకి మార్చి బిగించడం కూడా చెప్పారు. ఆ కార్లతో స్విఫ్ట్‌కి పోలికేంటి అసలు!

పాత_జెన్:
ట్రాక్ ముచ్చట మొదలుపెట్టింది నువ్వే.

లెఫ్ట్_లేన్:
బీమా సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద 2019లో సుప్రీంకోర్టు తీర్పుంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని.

అనంతగిరి_శ్రీను:
మళ్లీ అదే పాట. జెన్ గారికి ఒకసారి టైరు పేలింది కాబట్టి ఊళ్లో కార్లన్నీ స్టాక్‌గా, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉండాలి. నెలకోసారి టైరు లోపల చెయ్యి పెట్టి తడుముకోవడం చేతకాక కేంబర్ మీద పడితే ఎలా?

పాత_జెన్:
చేతకాకా? బాబూ, అది నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు. అమ్మిన కుర్రాడు స్ప్రింగులు, అలాయ్‌లు తీసేసి, పాతవి వేసి, అంతా ఒరిజినల్ అని చేతిలో పెట్టాడు. కేంబర్ బోల్టులు మాత్రం వాటి మానాన వదిలేశాడు. స్టాక్ కారు అనుకుని కొన్నవాడు టైరు లోపల ఎందుకు తడుముతాడు? మీ సరదా మీతో పోదు, తర్వాత కొన్నవాడి నెత్తిన పడుతుంది.

అనంతగిరి_శ్రీను:
అది మోసం. కేంబర్‌కి సంబంధం లేదు. అతని మీద కోపం మా అందరి మీద చూపిస్తారా?

పాత_జెన్:
సరే, నీ కారు అమ్మేటప్పుడు చెప్తావా?

అనంతగిరి_శ్రీను:
అడిగితే చెప్తాను.

పాత_జెన్:
అడగాలని కొనేవాడికి తెలియాలి కదా. నా గొడవంతా అదే.

కొత్త_స్టీరింగ్:
అన్నా, ఇంతకీ నా కారు సంగతి?

లెఫ్ట్_లేన్:
చక్రాల కోణాలు కొలిచి ఇచ్చే అలైన్‌మెంట్ షీటు పెట్టు, చూద్దాం.

కొత్త_స్టీరింగ్:
షీటు ఇవ్వలేదండీ. స్క్రీన్ మీద చూపించారు. టోయ్ చేశారో లేదో నేను అడగలేదు.

అనంతగిరి_శ్రీను:
ఓరి నాయనా. అయితే ఇప్పుడే ఓఆర్ఆర్ ఎక్కకు. వేరే షాపులో కొలిపించి ప్రింటు తీసుకో. మైనస్ 1.5కి తగ్గించు, రోజూ తిరగడానికి అది ఎక్కువే. కేంబర్ కుదిరాకే టోయ్ సెట్ చేయమను, ముందు కాదు. జెన్ గారూ, ఇది మీ మాట విని చెప్పట్లేదు.

పాత_జెన్:
పర్లేదు. బోల్టుల బిల్లు కూడా ఆర్‌సీతో పాటే ఉంచమని చెప్పు.