మా ఊరి బడిలో పిల్లోల్లు తగ్గిపోతాండారు, మీ పక్క ఎట్లుంది?

శెనక్కాయ రైతు:
మాది కదిరి పక్క. ఈ ఏడు మా ఊరి ప్రైమరీ బడిలో ఒకటో తరగతికి ఒకే పాప చేరింది. టీచర్ పలక మీద అక్షరం దిద్దబెట్టి మిగతా తరగతులు చూసుకునేలోపల, ఆ పాప పలక ఎత్తుకొని రెండో తరగతోల్ల పట్ట మీదికి పోయి కూచుంటుంది. ఒక్కతే ఎంతసేపని కూచుంటుంది పాపం! పొద్దున ఏడున్నరకు ఆంజనేయస్వామి గుడికాడికి టౌను స్కూలు పసుపు బస్సు వస్తుంది. ఊర్లో ఉండే మిగతా పిల్లోల్లంతా దాంట్లోనే.

ఒంటి టీచర్:
అన్నా, నేను పనిచేసేదీ అట్లాంటి బళ్లోనే. అన్ని తరగతులకూ నేనొక్కదాన్నే. 2022లో 117 జీవోతో 3, 4, 5 తరగతులను దగ్గరున్న హైస్కూళ్లలో కలిపినప్పుడు తల్లులు ఏమన్నారంటే, "ఎట్లాగూ ఊరు దాటి పోవాల్సిందే కదా మేడం, ఆ పోయేదేదో బస్సెక్కి ఇంగ్లీషు స్కూలుకే పోనీ" అని. అన్న పోతే వెనకాలే చెల్లెలు కూడా పోయింది. 2025లో ఆ జీవో తీసేసినారు గానీ పోయిన పిల్లలు తిరిగి రాలేదు.

ఇంకో సంగతి ఎవరికీ పట్టదు. మధ్యాహ్న భోజనానికి వంట ఖర్చు తల లెక్కన ఇస్తారు. పది మందికైనా పొయ్యి వెలిగించాల, తాళింపు పెట్టాల. మా వంటమ్మకు గ్యాసు డబ్బులు కూడా గిట్టక చేతినుంచి పెట్టుకుంటాంది. ఆమె మానుకుంటే ఆ పది మందీ రారు.

ధర్మవరం కుర్రోడు:
బడికి పోయే పిల్లోల్ల తల్లులకు సర్కారు ఇచ్చే డబ్బు, అప్పటి అమ్మఒడి గానీ ఇప్పటి తల్లికి వందనం గానీ, ప్రైవేటు స్కూలు పిల్లోల్లకూ వస్తుంది. మా వీధిలో ఆ డబ్బు పడితే నేరుగా బస్సు ఫీజుకే. ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దు. సర్కారు బడి మూతపడుతోందని బాధపడేటోల్ల పిల్లోల్లు యాడ చదువుతాండారు?

శెనక్కాయ రైతు:
పంపడానికి మా ఇంట్లో పిల్లోల్లుండాల కదప్పా. బోర్లు ఎండిపోయినాక మా అబ్బోడు బెంగళూరులో సంసారం పెట్టినాడు. మనవరాలు ఆడే పుట్టింది, ఆడే ఎల్‌కేజీ. ఊర్లో యాబై దాటినోల్లమే మిగిలినాం.

రాజంపేట వాసి:
మా పక్క కువైట్‌కు పోతారు. తల్లి ఇంటిపనికి, తండ్రి డ్రైవింగుకు. పిల్లలు అవ్వ దగ్గర పెరుగుతారు, నాలుగు డబ్బులు రాగానే టౌన్లో హాస్టలుకు.

ఆదోని అబ్బి:
మీ లెక్క వేరే, మా లెక్క వేరే సార్. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పక్క పిల్లోల్లకు కరువు లేదు. బడి రిజిస్టరులో నిండుగానే ఉంటారు. పంట చేతికి రాకపోతే గుంటూరు పక్క పత్తి తీసేకి, మిరపకాయలు కోసేకి సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. లారీలో బియ్యం మూట, గిన్నెలు, దుప్పట్లు, వాటి మీద పిల్లోల్లు. ఇంటికి తాళం. ఉగాది నాటికి తిరిగొస్తే అప్పటికి పాఠాలన్నీ అయిపోయుంటాయి. ఆడపిల్ల అయితే తమ్ముణ్ని ఎత్తుకునేకి పోతుంది, మళ్లీ బడికి రావడం కష్టమే. పేరు మాత్రం తీసేయరు. అందుకే పేర్ల లెక్క చూసి బడి బాగుందనేదీ, బాగలేదనేదీ రెండూ తప్పే.

ధర్మవరం కుర్రోడు:
ముగ్గుర్ని కనండి అంటాండారు కదా ఇప్పుడు. ఇద్దరికన్నా ఎక్కువ మంది ఉంటే పంచాయతీ ఎలక్షన్లలో నిలబడకూడదనే రూలూ 2024లో ఎత్తేసినారు.

ఒంటి టీచర్:
2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో ఒక్కో ఆడమనిషికి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాల. రూలు ఎత్తేస్తే కంటారా? ఒక్కరి ఫీజు కట్టేకే అప్పు చేస్తాండారు.

ఆదోని అబ్బి తమ్ముడూ, మీ పక్క వలస పోయేటోల్ల పిల్లోల్ల కోసం సీజనల్ హాస్టళ్లు పెడతారు కదా? అవ్వాతాతల దగ్గర వదిలిపోయే పిల్లోల్ల పేర్లు సుగ్గి మొదలుకాకముందే హెడ్‌మాస్టరుతో రాయించి మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో ఇప్పించండి.

ఆదోని అబ్బి:
పోయిన ఏడు మా ఊర్లో తెరిచేలోపల సగం ఇండ్లకు తాళాలు పడినాయి మేడం. ఈసారి దసరాకు ముందే ఇంటింటికీ తిరిగి రాసుకుంటాం. అవ్వ లేని పిల్లోల్లను కూడా తీసుకుంటారా, అది చెప్పండి.