మెదడులో రక్తస్రావం తరువాత యాంటీఆక్సిడెంట్లు పనికొస్తాయా?

పాలకొల్లు అబ్బాయి:
మెదడు పొరల కింద రక్తనాళపు బుడగ చిట్లడంతో మా నాన్నగారికి ఆపరేషన్ చేశారు. తేరుకుంటున్నారనుకున్న 6వ రోజున మాట తడబడి, కుడి చెయ్యి వాలిపోయింది. నాళాలు బిగుసుకున్నాయన్నారు. దీనికి మూలం ఆక్సిడేటివ్ స్ట్రెస్సేనని (ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు కణాలను పాడుచేయడమట), దాన్ని అడ్డుకునే యాంటీఆక్సిడెంట్‌గా విటమిన్ ఇ వాడమని మా వీధి మందుల షాపాయన అంటున్నారు. ఎల్లుండి ఇంటికి తెస్తున్నాం. వాడవచ్చునా?

రాజోలు ఫార్మసీ మాస్టారు:
మూలం విషయంలో ఆయన మాటలో నిజముంది. గడ్డకట్టిన రక్తంలోని ఎర్రకణాలు ఒక్కసారిగా కాక రోజుల తరబడి పగులుతాయి. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే వెన్నునీరు ఎండుగడ్డి రంగుకు తిరగడం అందుకే. బయటపడిన హిమోగ్లోబిన్, నాళాన్ని వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ను హరిస్తుంది. అందులోని ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి పుట్టించే హైడ్రాక్సిల్ రాడికల్ అనే ఫ్రీ రాడికల్ కణపొరల కొవ్వును పాడుచేస్తుంది. 3వ రోజు నుంచి 14వ రోజు దాకా నాళాలు బిగుసుకోవడం ఈ లెక్కకు సరిపోతుంది.

అమలాపురం డాక్టరమ్మ:
మాస్టారి రసాయనశాస్త్రంతో నాకు పేచీ లేదు, అక్కడి నుంచి మాత్ర మీదికి దూకడంతోనే పేచీ. ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకునే టిరిలాజాడ్‌ను 1990లలో పెద్ద పరీక్షలలో వాడి చూస్తే స్థిరమైన మేలు కనబడలేదు. నాళపు బిగువును తగ్గించిన క్లాజోసెంటాన్ కూడా, 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం, రోగుల కోలుకోలును మెరుగుపరచలేదు. ఇలాంటి రక్తస్రావం తరువాత ఇచ్చే నిమోడిపిన్ మాత్ర కథ దీనికి తలకిందులు: యాంజియోగ్రామ్‌లో నాళం పెద్దగా మారకపోయినా, మనిషి మెరుగ్గా కోలుకుంటాడు. అంటే బిగువొక్కటే దోషి కాదు. చిట్లిన తొలి గంటలలోనే జరిగే నష్టం, సన్ననాళాలలో గడ్డలు కూడా లెక్కలో ఉన్నాయి. పైగా విటమిన్ ఇ రక్తస్రావపు పక్షవాతాన్ని కొంత పెంచవచ్చునని 2010 నాటి ఒక సమీక్ష తేల్చింది.

రాజోలు ఫార్మసీ మాస్టారు:
విటమిన్ ఇ సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే టిరిలాజాడ్ స్త్రీల ఒంట్లో త్వరగా కరిగిపోయేదన్నది కూడా చెప్పాలి కదా, డాక్టరమ్మగారూ. మందు ఓడినంత మాత్రాన కారణం అబద్ధం కాదు.

అమలాపురం డాక్టరమ్మ:
కాదు. కానీ ఆ అబ్బాయి అడిగింది మాత్ర గురించి. నిమోడిపిన్ సాధారణంగా 4 గంటలకోసారి 60 మిల్లీగ్రాముల చొప్పున 21 రోజులు. మీ నాన్నగారికి ఎన్ని రోజులు మిగిలాయో డిశ్చార్జి కాగితంలో చూసుకోండి. ఇంటికెళ్లాక ఎగ్గొట్టేది రాత్రి 2 గంటల మాత్రే.

పాలకొల్లు అబ్బాయి:
ఇంకా 8 రోజులున్నాయండి. 2 గంటలకు అలారం పెట్టాను.